ఇత్తడి ప్లేటు మీద మాటు

పోయిన శనివారం పులుసులోకి చింతపండు నానబెడుతుంటే మా అమ్మాయి ఫోనులో ఒక ఫొటో పంపింది. స్నేహితులతో కలిసి పాతకార్ల ప్రదర్శన చూడటానికి వెళ్ళిందట. ఇత్తడి రేడియేటరు, ఇరువైపులా ఇత్తడి దీపాలు, కర్ర చువ్వల చక్రాలు, నల్లటి తోలు సీట్లు. ఆ కారును గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. ఫొటో పెద్దది చేసి చూస్తే, అమెరికాలో ఫలానా కంపెనీవాళ్ళు తమ తొలి షెడ్డులో చేత్తో తయారుచేసిన మొదటి సంవత్సరం బండి ఇది అని దాని ముందున్న బోర్డు మీద రాసి ఉంది. చింతపండు చేతులతోనే ఫోను బల్ల మీద విసిరినంత పని చేశాను. అది పాతికేళ్ళ కిందటా అబద్ధమే, ఇవాళా అబద్ధమే. దాన్ని అబద్ధమని ఈ సిడ్నీలో మొట్టమొదట చెప్పినదాన్ని నేను, ఆ తరవాత నోరు మూసుకున్నదాన్నీ నేనే.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ కారు ఎవరిదో తెలిసినవాళ్ళకు తెలిసిపోతుంది. దాని యజమాని ఇప్పుడు లేడు, ఆయన మనవల్ని మీ అందరి నోళ్ళలో పెట్టడం నాకిష్టం లేదు. ఆయన మీద నాకు జాలి ఉందని మాత్రం అనుకోకండి.

అప్పుడు నేను మెకానికల్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. టూంగాబీ స్టేషను వెనక ఒక ఇంట్లో నలుగురు తెలుగమ్మాయిలం ఉండేవాళ్ళం. ఒక బాత్రూము, ఒక రైస్‌కుక్కరు, నాలుగు రకాల ఆవకాయ. ఆదివారం తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి వెళ్ళేవాళ్ళం. పాటలకంటే తరవాత పెట్టే భోజనానికని మేమే ఒకరినొకరం ఎగతాళి చేసుకునేవాళ్ళం. చివరి సెమిస్టరులో అందరికీ ప్రాజెక్టులు పంచినప్పుడు మగపిల్లలకు టర్బైన్లు, పంపులు వచ్చాయి. మా నాన్న నర్సాపురం దగ్గర బస్సు డిపోలో మెకానిక్ అని నేనెప్పుడో వాగానట, అది గుర్తుపెట్టుకుని మా ప్రొఫెసరుగారు నాకు ఎప్పుడో మూతబడిపోయిన ఒక అమెరికా కార్ల కంపెనీ చరిత్ర, దాని మోడళ్ళు ఒకదాని నుంచి ఒకటి ఎలా మారాయన్నది రాయమన్నారు. ఆయన బావమరిది దగ్గర ఆ కంపెనీ కారు ఉంది, వెళ్ళి చూసి రాయవచ్చు అన్నారు. బావమరిది కారు గురించి ఊరికే రాసిపెట్టే మనిషి కావలసి వచ్చి నన్ను పట్టుకున్నారని నాకు అప్పుడు తట్టలేదు.

మొదట్లో చిన్నబుచ్చుకున్నాను గానీ, నెల తిరిగేసరికి నాకు ఆ కంపెనీ పిచ్చి పట్టుకుంది. ఇద్దరన్నదమ్ములు గుర్రబ్బగ్గీలు చేసుకునే రేకుల షెడ్డులో మొదలుపెట్టారు. మొదటి ఏడాది బండ్లన్నీ ఆ షెడ్డులోనే, బగ్గీలు చేసిన వడ్రంగులే చేత్తో కట్టారు. మరుసటి ఏడాది ఇటుకల ఫ్యాక్టరీ వచ్చింది. బండి అదే, ఇంజను అదే, తయారుచేసిన చేతులు మాత్రం వేరు. ఆ తరవాత ఇద్దరు కూర్చునే రోడ్‌స్టరు, ఐదుగురు పట్టే టూరరు, ఇంకా తరవాత ఆరు సిలిండర్ల పెద్ద బండి. ముందర హ్యాండిలు పెట్టి తిప్పే బాధ పోయి మీట నొక్కితే లేచే ఇంజను వచ్చింది, కార్బైడు దీపాలు పోయి కరెంటు దీపాలు వచ్చాయి. అమెరికాలో కూడా మొదట్లో చాలా కార్లకు స్టీరింగు కుడివైపే ఉండేదని తెలిసినప్పుడు ఆ సంగతి మా ఇంట్లో ముగ్గురమ్మాయిలకూ వద్దన్నా చెప్పాను. తరవాతి మోడళ్ళు ఆస్ట్రేలియాకు వచ్చేటప్పుడు సుంకం గొడవతో ఛాసిస్ ఒక్కటే ఓడలో వచ్చేది, పై బాడీని ఇక్కడివాళ్ళు ఇక్కడి కర్రతో కట్టేవారు. పోటీ కంపెనీలు చవగ్గా బండ్ల మీద బండ్లు దింపుతుంటే, ఇత్తడి తగ్గించమని ఎవరెన్ని చెప్పినా ఆ అన్నదమ్ములు వినలేదు. మాంద్యం వచ్చిన రోజుల్లో కంపెనీకి తాళం పడింది. ఆ మొండితనమంటే నాకు ఇప్పటికీ ప్రేమే.

అయితే షెడ్డు బండికీ ఫ్యాక్టరీ బండికీ తేడా తెలిసేది ఒక్కచోటే. ఇంజను ముందర బండి చట్రానికి బిగించిన చిన్న ఇత్తడి ప్లేటు మీద నంబరు ఉంటుంది. మూడంకెలైతే షెడ్డుది, నాలుగంకెలైతే ఫ్యాక్టరీది. ఆ కాలపు బండ్లకు ఛాసిస్ మీద నంబరు కొట్టలేదు, ఈ బండికి ఇంజను కూడా ఎప్పుడో మార్చేశారు. కాబట్టి సాక్ష్యం ఆ ప్లేటొక్కటే. మూడంకెల బండ్లు ప్రపంచంలో వేళ్ళ మీద మిగిలాయని, అందులో తనదొకటని బావమరిదిగారు వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. మసిబారి నల్లగా ఉన్న ఆ ప్లేటు మీద మూడంకెలే కనిపించేవి. నా ప్రాజెక్టులో అలాగే రాశాను.

పాతకార్ల క్లబ్బు పెద్దలు బండిని చూసి పుస్తకంలో నమోదు చేయడానికి ఒక శనివారం ఆర్వో, అంటే మధ్యాహ్నం పూట, వస్తారన్నారు. బావమరిదిగారు వాళ్ళకు పెరట్లో బార్బీ, అదే, పొయ్యి మీద మాంసం కాల్చే విందు, కూడా పెట్టాడు. పొద్దున్నే వచ్చి ఇత్తడిని కాస్త రుద్దు లవ్, అని ఇక్కడివాళ్ళు ఆడపిల్లలను పిలిచే పిలుపుతో ముందురోజే చెప్పాడు, నేను రాగానే మాంసం తేవడానికి వెళ్ళాడు. ఇంజను గురించి మూడు నెలలుగా చదువుతున్నదాన్ని, ఆడపిల్లనయ్యేసరికి గుడ్డ చేతికిచ్చాడు. అప్పుడు నాకు కోపం రాలేదు. రావలసింది.

ఇక్కడే నేను మన ఇళ్ళలో పెరిగిన పిల్ల చేసే పని చేశాను. ఆయన ఉద్దేశం మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవమని. మనకు ఇత్తడిని రుద్దడమంటే అదేనా? క్రిస్మస్ ముందు మా మామ్మ అటక మీద సామానంతా దింపించి, చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు ఇచ్చి నన్ను పెరట్లో కూర్చోబెట్టేది. గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు బల్ల మీద పెట్టే పళ్ళేలు కూడా మా ఇంటికే తోమడానికి వచ్చేవి. మొహం కనిపించకపోతే మళ్ళీ తోమించేది. నేను ముందురోజే ఆ సంగతి ఆలోచించి ఇంట్లోంచి చింతపండు డబ్బాలో పెట్టుకుని వచ్చాను. రేడియేటరు తోమాను, దీపాలు తోమాను, హారను తోమాను. నల్లటి బండి ముందు భాగమంతా బంగారంలా అయింది. ఎంత మురిసిపోయానో! చివరికి ప్లేటు తోమాను.

ప్లేటంతా పచ్చగా వచ్చింది, మూడంకెలకు ముందు ఒక్కచోట తప్ప. అక్కడ చిటికెన వేలి గోరంత తెల్లగా నిలిచింది. మీలో ఇత్తడి బిందెలు తోమినవాళ్ళుంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. అది మాటు. బిందెకు చిల్లి పడితే కళాయివాడు తగరంతో మూసేవాడే, ఆ మాటు. ఎంత మసి పట్టినప్పుడు కలిసిపోయినా చింతపండు పడేసరికి ఇత్తడి పచ్చగానూ మాటు తెల్లగానూ విడిపోతాయి. మా మామ్మ బిందెకు మూడుండేవి, ఎక్కడెక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలను. జడపిన్ను తీసి ఆ తెల్లటి దాన్ని గీకాను. మెత్తగా పొరలా లేచింది. కింద లోతుగా కొట్టిన ఒకటి అంకె ఉంది. బండి నాలుగంకెలది.

నా తెలివితక్కువతనం చూడండి. అయ్యో, ఎవరో ఈయనకు దొంగబండి అంటగట్టారు, పాపం మోసపోయాడు, అనుకున్నాను. ఆయన వచ్చి బార్బీ అంటించి క్లబ్బువాళ్ళకు సాసేజీలు తిప్పుతుంటే పరుగెత్తుకెళ్ళి, అందరి ముందూ, అంకె పూడ్చేశారని, నేను కనిపెట్టానని చెప్పేశాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసిన మరుక్షణం నాకు అర్థమైంది. పట్టకారు కింద పెట్టి, తాపీగా వచ్చి, ప్లేటు చూసి, అందరికీ వినబడేలా, ఈ పిల్ల ఏదో యాసిడ్ పోసి వందేళ్ళనాటి ప్లేటును నాశనం చేసిందని అరిచాడు. స్క్రూడ్రైవరు తెచ్చి ప్లేటు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. క్లబ్బు పెద్దలు చచ్చిపోయిన మనిషిని చూసినట్టు తలలూపారు. ఒక్కడంటే ఒక్కడు ఆ ప్లేటు చేతికి ఇమ్మని అడగలేదు. చింతపండు యాసిడ్ కాదు, మేం తినే వస్తువు, అని నేను గింజుకుంటుంటే ఒకాయన జాలిగా నవ్వి నాకు బ్రెడ్డులో సాసేజీ పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు తలచుకున్నా ఆ బ్రెడ్డు ఆయన మొహాన కొట్టనందుకు నా మీద నాకే మండుతుంది.

సోమవారం ప్రొఫెసరుగారు పిలిచారు. ఆయన అరవలేదు. ప్లేటు మీద మొదటినుంచీ మూడంకెలే ఉన్నాయని, నా అజాగ్రత్త వల్ల ప్లేటు పాడైందని ఒక చిన్న ఉత్తరం రాసి సంతకం పెట్టమన్నారు. లేకపోతే ఈ ప్రాజెక్టును పాస్ చేయడం తనకు కష్టమన్నారు, చివర్లో నో వర్రీస్ అని కూడా అన్నారు. పాస్ కాకపోతే ఏమవుతుందో ఆ రోజుల్లో ఇక్కడ చదివినవాళ్ళకు చెప్పాలా? వీసా నెలాఖరుకు అయిపోతోంది.

రెండు వారాలు సంతకం పెట్టలేదు. ఫోను కార్డు కొనుక్కుని మా నాన్నకు ఫోను చేసి ప్లేటు సంగతి చెప్పాను. నంబరు మీద చెయ్యి పెట్టినవాడి బండి ముట్టుకోవద్దమ్మా, అన్నాడు. మా పిల్ల ఆస్ట్రేలియాలో తెల్లోడి దొంగనంబరు పట్టేసిందని మర్నాడు డిపోలో అందరికీ చెప్పుకున్నాడట. ఉత్తరం సంగతి మాత్రం నేను ఆయనకు చెప్పలేదు.

ఇంతలో ఫెలోషిప్ పెద్ద, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయన, ఆంటీని, పులావు డబ్బానూ వెంటబెట్టుకుని టూంగాబీ వచ్చాడు.

“సారీ లెటరే కదమ్మా, వన్ పేజ్ రాసి పడెయ్. యూనీ డిగ్రీ ముఖ్యమా, ఆ రేకుముక్క ముఖ్యమా? మనం గెస్టులం ఇక్కడ. దేవుడికి తెలుసు కదా నిజం, అది చాలు.”

దేవుడికి తెలుసు కదా అన్న మాట నన్ను పడగొట్టింది. ఆయన మంచివాడే, నాలాంటి ఎంతోమందికి అన్నం పెట్టాడు. అయినా ఆ మాట మీద నాకున్న కోపం ఇన్నేళ్ళలో ఎన్ని ప్రార్థనలు చేసినా పోలేదు. దేవుడికి తెలిసిన నిజం మనుషులకు కూడా తెలియాలి కదా? మర్నాడు రాసి ఇచ్చాను. ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. ఆ కాగితం పట్టుకుని స్టేషనులో కూర్చుని ఏడ్చాను.

నిన్న ఆదివారం గుడి మానేసి మా అమ్మాయిని తీసుకుని ప్రదర్శనకు వెళ్ళాను. బండి చుట్టూ తాడు కట్టారు. ఇంజను ముందు మెరిసిపోయే కొత్త ప్లేటు, మూడంకెలు. పక్కన అద్దాల పెట్టెలో పాత కాగితాలు. అసలు ప్లేటు పాడైపోవడం వల్ల దాని నకలు పెట్టామని, అసలు నంబరుకు ఇదీ సాక్ష్యమని ఒక చీటీ, దాని కింద నా ఉత్తరం. గుండ్రటి నా చేతిరాత, మా నాన్న ఇంటిపేరుతో సంతకం. వాళ్ళు ఆ ఉత్తరం నా చేత రాయించింది నన్ను అవమానించడానికి అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కాదు. మాటు ఊడిన చోట నా సంతకం పెట్టి పూడ్చుకున్నారు. బండికి మూడంకెలు ఇచ్చింది నేను!

మా అమ్మాయి వంగి చదివింది.

“మమ్, దిస్ ఈజ్ యువర్ నేమ్! యూ రూయిన్డ్ ఇట్?”

“నేను పాడుచెయ్యలేదే. తోమాను.”

“దెన్ వై వుడ్ యూ సైన్ దిస్?”

వీసా, అన్నాను. ఇక్కడ పుట్టిన పిల్ల, ఆ మాట దానికి కేవలం ఒక మాట. అక్కడే తాడు పక్కన నిలబడి మొత్తం చెప్పాను. మాటు అంటే చెప్పడానికి చాలాసేపు పట్టింది. దాని జన్మలో అది మాటేసిన గిన్నె చూడలేదు, మా ఇంట్లో ఉన్నదంతా స్టీలు, నాన్‌స్టిక్కు. చింతపండు కూడా ఈ మధ్య నేనూ సీసాలో గుజ్జే కొంటున్నాను, మొన్న ఏదో బుద్ధిపుట్టి పండు నానబెట్టాను అంతే. తోమడం పోయిందని నాకు బెంగ లేదు, చేతులు ఒరుసుకుపోయేవి. కాని తోమితే ఏది ఇత్తడో ఏది మాటో మాకు చిన్నప్పుడే తెలిసేది, ఆ చూపు మాతోనే పోతున్నదంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

అంతా విని మా అమ్మాయి వెళ్ళి, సందర్శకులు రాసే పుస్తకం, కలం పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగంకెల నంబరు రాశాను. మొదటి అంకె తగరంతో పూడ్చి ఉండగా చూశానని, అద్దంలో ఉన్న ఉత్తరం భయపడి రాసిందని, అందులోది అబద్ధమని రాశాను. పెళ్ళయ్యాక నా సంతకం మారిపోయింది, అది పెడితే ఎవరో అనుకుంటారు. అందుకని అద్దంలో ఉన్నదాన్ని చూస్తూ, పాత ఇంటిపేరుతో, అలాగే సంతకం పెట్టాను. రెండూ కలిసేలా మా అమ్మాయి ఫొటో తీసింది.

క్లబ్బువాళ్ళు ఆ పేజీ చింపేస్తారేమో. చింపితే మళ్ళీ వెళ్ళి రాస్తాను. మా నాన్న డిపోలో అందరికీ చెప్పుకున్న మాట ఇన్నేళ్ళకు నిజమైంది, వినడానికి ఆయన లేడు.