ప్లగ్గుకి పెట్టిన బొట్టు

పసుపు మీద నాకు ఏ కోపమూ లేదు. దాన్ని ఎక్కడ రాశారన్నదాని మీదే నా కోపం.

నాన్న విశాఖలో కాపలా పనికి వెళ్లినప్పటి నుంచి పొలం అమ్మా నేనూ చూసుకుంటున్నాం. పక్కనున్న గెడ్డ వాగు నుంచి నీళ్లు తోడే చిన్న పెట్రోలు ఇంజిను నా బాధ్యత. దసరా నాడు చిన్నాన్న దానికి పూజ చేశాడు. నిమ్మకాయ కట్టాడు, బొట్లు పెట్టాడు. అక్కడితో ఆగలేదు. "దీని పేణం ఇక్కడే ఉంటాది" అంటూ స్పార్క్ ప్లగ్గు మీది టోపీ ఊడదీసి, తెల్లటి పింగాణీకి తడి పసుపు పట్టించి, కుంకం అద్ది, టోపీ మళ్లీ నొక్కేశాడు. నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు ఇంజిను స్టార్టవలేదు. వరి చేను పొట్ట మీద ఉంది. వాన జాడ లేదు. ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు, వెన్నంతా తాలే.

తాడు లాగి లాగి నా అరచేయి కమిలింది. తడి పసుపు వల్లే నిప్పురవ్వ పడట్లేదేమో, ప్లగ్గు విప్పి తుడుద్దామని నేను నోరు తెరిచేలోగా చిన్నాన్న "ప్లగ్గు పోయింది" అని తేల్చేసి, బజారుకి పోయి బైకు ప్లగ్గొకటి తెచ్చాడు. పాతదాని పక్కన పెట్టి చూశాను. లావు ఒకటే, కానీ మర ఉన్న భాగం కొత్తదానికి బాగా పొడుగు. చేతికందిన ఏ కాగితాన్నీ చదవకుండా వదలను నేను. ఇంజినుతో వచ్చిన పుస్తకమూ చదివాను. మర పొడుగైతే ప్లగ్గు కొస లోపలికి దిగి పిస్టనుకి తగులుతుందని అందులో బొమ్మ వేసి మరీ చెప్పారు.

"సిన్నాన్నా, ఇది పొడుగున్నాది. లోపల తగులుతాది," అన్నాను. నా గొంతు పక్కమనిషిని దాటి వెళ్లదు.

"మర పట్టిందా లేదా? పట్టింది. మరింకేటి? బుక్కులు సదివితే ఇంజిన్లు తిరుగుతాయేటే?"

పక్క చేను ఆసామి గట్టు మీద కూర్చుని నవ్వాడు. "మన పాప కలెక్టరవుతాది గానీ మెకానిక్కు కాదు బావా."

చిన్నాన్న ప్లగ్గు పానా వేసి రెండు చేతులా బిగించి తాడు లాగాడు. లోపల ఖణేల్మంది. తాడు సగంలో ఆగిపోయింది. విప్పి చూస్తే ప్లగ్గు కొస అణిగిపోయి ఉంది.

ఆయన ఆ కొసని చూడలేదు. నన్ను చూశాడు.

"పూజ సేసిన ఇంజిను. బైట సేరి గానీ ముట్టుకున్నావేటే?"

ఆసామి నవ్వు ఆపి నా వైపు తేరిపార చూశాడు. అమ్మ చేలోంచి గబగబా వచ్చి నా చెవి దగ్గర అడిగింది. "నిజమేనేటే?"

చిన్నాన్న అన్నదానికి ఆ పూట మండింది. అమ్మ అడిగినదానికి ఇప్పటికీ మండుతోంది. ఆ ఇంజిను నెల పొడుగునా వేసింది నేనే. ఆ రోజుల్లోనూ వేశాను. నీళ్లు పడ్డాయి, చేను తాగింది. ఎప్పుడూ ఎవరూ ఏమీ అడగలేదు.

పాత ప్లగ్గు తీసుకుని చున్నీ కొసతో పింగాణీ మీది పసుపు తుడిచాను, టోపీ లోపలా తుడిచాను. తడి ఆరేదాకా రెండిటినీ ఎండలో ఉంచాను. తర్వాత ప్లగ్గుని వేళ్లతోనే తిప్పుతూ అడుగు దాకా దింపి, పానాతో కొంచెం బిగించాను. తాడు లాగాను. ఇంజిను దగ్గింది. మళ్లీ లాగితే అందుకుంది. గొట్టంలోంచి గెడ్డ నీరు బురదబురదగా మడిలో పడింది.

"సూసారా, తల్లి దయ," అని చిన్నాన్న ఇంజినుకి దండం పెట్టాడు. ఆసామీ పెట్టాడు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ అమ్మ మెల్లగా అంది. "రేపు తలకి పోసుకుని ఎల్లి ముట్టుకో అమ్మీ. ఎందుకైనా మంచిది."

తెల్లారగానే మొహం మాత్రం కడుక్కుని పొలానికి వెళ్లాను. టోపీ తీసి చూస్తే ప్లగ్గు పొడిగా, తెల్లగా ఉంది. ఇంజిను వేశాను. చివరి మడి తడిసేదాకా గట్టు దిగలేదు. వచ్చేటప్పుడు ప్లగ్గు పానా ఇంటికి తెచ్చి నా పుస్తకాల వెనక పెట్టాను. చిన్నాన్న ఒకసారి అడిగాడు. ఇవ్వలేదు.