అప్పలసూరి మావ సోలార్ తెప్ప

మా అప్పలసూరి మావకి ఏ వస్తువూ ఉన్నది ఉన్నట్టుగా నచ్చదు. కొత్త చెప్పులు కొంటే ముందు మడమ దగ్గర కోసి చూస్తాడు. ఎక్కడైనా టీ తాగితే, గ్లాసు తిరిగి ఇచ్చే ముందు పాలు ఎలా కాచాలో ఆ దుకాణం వాడికి చెప్పి మరీ వస్తాడు. మా అమ్మకి తమ్ముడు కాబట్టి సరిపోయింది గాని, వేరే ఎవరైనా అయ్యుంటే నేను ఈపాటికి మాట్లాడటం మానేసేవాణ్ణి.

భోగాపురం దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. మావ మీసాలు రాకముందే ఇక్కడ తెప్ప ఎక్కాడు. పెళ్ళయ్యాక చాలామందిలాగే గుజరాత్ వలస వెళ్ళి, అక్కడి పెద్ద బోట్ల మీద ఏళ్ళ తరబడి చుక్కాని పట్టాడు. వచ్చేటప్పుడు ఒక ఇనప పెట్టె, హిందీలో కొన్ని బూతులు తెచ్చుకున్నాడు. తను చెప్పిందే రైటనే నమ్మకం మాత్రం ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిందే. తిరిగొచ్చాక ఊళ్ళో ఫైబర్ పడవ మీద వేటకి వెళ్తూ ఉంటే, ఓ ఉదయం ఒడ్డు చేరే వేళకి కెరటం పడవని అడ్డంగా తిప్పేసింది. పడవ అంచు వచ్చి కుడి భుజం మీద పడింది. ఎముక అతికింది గాని ఆ చెయ్యి ఇంక భుజం పైకి లేవదు. తెడ్డు వెయ్యలేడు, తాడు లాగలేడు. పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి కూర్చుని, లాగేవాళ్ళకి ఎలా లాగాలో చెప్తాడు.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. పెద్దవలని పడవలో లోపలికి తీసుకెళ్ళి చుట్టూ వేసి, దాని రెండు తాళ్ళూ ఒడ్డున నిలబడి లాగుతారు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ, వల ఒడ్డెక్కాక దోసెడు చేపలు ఇస్తారు. దారిన పోయేవాడు చెయ్యి వేసినా సరే, వాడి వంతు వాడిదే. మావ చెయ్యి వెయ్యలేడు. అయినా వల యజమాని నాగబాబు రోజూ దోసెడు చేపలు తీసి మావ ముందు పోసేవాడు. "బావా, నీ వంతు" అనేవాడు. నాగబాబు మంచివాడు. మావకి పడనిది అదే.

"నాను తాడు ముట్టనేదు. నా వంతేటి?" అని ఇంటికొచ్చి చిన్నతల్లి అత్త మీద అరిచేవాడు.

"ఆ మాట అక్కడే అనకపోయావా?" అనేది అత్త.

"అంటే వాడు బాధపడతాడు."

అత్త ఆ చేపల్నే పులుసు పెట్టేది. మావ పులుసు పోసుకుని అన్నం తినేవాడు గాని ముక్క ముట్టేవాడు కాదు. పైగా ఉప్పు తక్కువైందనేవాడు. ఇలా నెలల తరబడి సాగింది. అత్తకి పిచ్చెక్కింది.

నేను విజయనగరంలో ఇంజనీరింగ్ మూడో ఏడు వదిలేసి ఇంట్లో ఉన్నాను. ఎందుకు వదిలేశావో చెప్పమని అడిగేవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, ఇక్కడ చెప్పను. ఓ రోజు మావ ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వీడియో చూస్తున్నాను. ఎవడో బొమ్మ పడవకి గేలం కట్టి, రిమోట్‌తో చెరువు మధ్యకి పంపి చేప పట్టాడు. మావ నా వెనక నిలబడి చూశాడు.

"ఒరే అల్లుడా, అది మనకాడ సెయ్యొచ్చేటి?"

"సెయ్యొచ్చు మావా."

"అయితే సెయ్యి. గెడ్డ మొగ కాడ కూకుంటాను. దాని సేత గేలం లోపలికి అంపుతాను. నా సేప నాను ఇంటికి తెచ్చుకుంటాను. నాగబాబు సేప నాకొద్దు."

ఆ "సెయ్యొచ్చు" అన్న ముక్క నేను అనకుండా ఉండాల్సింది.

సోలార్ ఎందుకంటే, మావ ఫోన్ ఎప్పుడు చేసినా స్విచాఫే. ఛార్జింగ్ పెట్టాలన్న సంగతి ఆయనకి గుర్తుండదు. పడవ బ్యాటరీ ఆయన చేతిలో పెడితే దాని గతీ అంతే. ఇసకలో పడేసి మర్చిపోయినా ఎండకి తనంతట తనే నిండే ఏర్పాటు కావాలి. అందుకని పలకంత ప్యానెల్ ఒకటి, చిన్న మోటారు, బుల్లి చుక్కాని, బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళు వాడే రిమోట్ ఒకటి తెప్పించాను. అత్త చేపలు పెట్టుకునే థర్మోకోల్ పెట్టె ఒకటి విరిగి పడి ఉంటే, దాన్ని పడవ ఆకారంలో కోసి, ఫైబర్ పడవలకి మాటు వేసే గుడ్డ, జిగురు పట్టించాను. ఎంత కడిగినా చేపల కంపు పోలేదు. గోడ మీద ఆరబెడితే కాకులు వచ్చి ముక్కు దగ్గర పొడిచి పోయాయి. మళ్ళీ జిగురు పూశాను.

ఇంతలో మావ పక్కన చేరాడు.

"ముక్కు ఇంకా లేవాల."

లేపాను.

"మరీ లేసిపోనాది."

దించాను.

"మొదట ఉన్నదే బాగున్నాదిరా."

ఆయన పక్కన కూర్చుని పని చేస్తుంటే పరీక్షలే నయమనిపించింది. చివరికి నీలం రంగు తనే వేశాడు. రెండు వైపులా తాతమ్మ అని పేరు రాయించాడు. తాతమ్మ అంటే వాళ్ళ అమ్మ, మా అమ్మమ్మ. ముసలిది బతికినన్నాళ్ళూ ఎవరి మాటా వినలేదు. పడవకి ఆ పేరు పెట్టినప్పుడే నాకు అర్థం కావాల్సింది.

మా గెడ్డ, అదే మా ఊరి వాగు, సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు కాస్త మెత్తగా ఉంటాయి. తాతమ్మని అక్కడే దించాలనుకున్నాం. పడవకి గేలం వేలాడుతుంది, పొడుగాటి దారం ఒక కొస పడవకి, రెండో కొస ఒడ్డున మావ చేతికి. వెళ్ళేటప్పుడు రిమోట్, వచ్చేటప్పుడు దారం లాగితే చాలు. బ్యాటరీ సగమే నిండింది గాని ఎండ దంచేస్తోంది, పర్వాలేదనుకున్నాను. ఒడ్డుకి వెళ్ళాక చూస్తే రిమోట్‌లో సెల్స్ లేవు. ఇంటికి పరుగెత్తి తెచ్చేసరికి, ఆగలేక మావ తాతమ్మని నీళ్ళలో వదిలేశాడు. గెడ్డ నీళ్ళు దాన్ని అప్పటికే దూరంగా తీసుకుపోయాయి.

రిమోట్ మీది పుల్ల తోశాను. మోటారు కాసేపు తిరిగింది. మూలిగింది. ఆగిపోయింది. ఎంత తోసినా ఉలుకూ పలుకూ లేదు. దారం పట్టి వెనక్కి లాగాను. దగ్గరికొచ్చాక చూస్తే ప్యానెల్ మొత్తం పచ్చగా ఉంది. మందంగా పసుపు ముద్ద, దాని మీద వరసగా కుంకం బొట్లు.

"మావా! ఏటిది?"

"కొత్త తెప్పకి పసుపు రాయకుండా నీళ్ళలో దించుతారేటి?"

"ముక్కుకి రాయొచ్చు కదా!"

"ముక్కు నువ్వు సన్నగా సేసినావు. నుదురు యిశాలంగా ఉన్నాదని దాని మీద రాసినాను."

"అది నుదురు కాదు మావా, నోరు! ఎండ తినేది దాంతోనే! నోట్లో పసుపు కుక్కినావు!"

కడగబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. తెప్ప మీద పసుపు గంగమ్మ తీసుకోవాల. మనిషి సేత్తో తుడిసేస్తే అది తెప్పేటి?"

"గంగమ్మ తీసుకున్నదాకా మోటారు తిరగదు."

"అయితే కూకుందాం."

కూర్చున్నాం. కెరటం వచ్చినప్పుడల్లా నేను పడవని ముంచుతూ ఉన్నాను. ఆయన పసుపుని నువ్వుల నూనెతో కలిపాడట, నీళ్ళకి కదలదు. ఎండకి నా మాడు కాలిపోతోంది. చేపలమ్ముకుని వస్తున్న అత్త మా కేకలు విని అటు వచ్చింది. తట్ట దించి ఇద్దరి మాటా వింది. వంగి, ప్యానెల్ మీద పసుపు గీకి గుప్పిట్లోకి తీసింది. రెండడుగులు నీళ్ళలోకి వెళ్ళి విసిరింది.

"ఇదిగో తల్లీ, నీది నువ్వు తీసుకో. ఈళ్ళిద్దర్నీ కూడా తీసుకుపో, నాకు పీడ పోతాది."

తర్వాత కొంగుతో ప్యానెల్ శుభ్రంగా తుడిచేసి తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తాతమ్మ చక్కగా పరుగెత్తింది. నేను కాస్త దూరం నడిపానో లేదో, మావ రిమోట్ లాగేసుకున్నాడు.

"గేలం నాది. నాను నడపాల. నువ్వు నడిపితే సేప నీదయిపోతాది."

ఎడమ వైపు నాగబాబు వాళ్ళు పెద్దవల లాగుతున్నారు.

"కుడికి తిప్పు మావా, వల ఉన్నాది."

పడవ ఎడమకి తిరిగింది.

"కుడికి!"

"కుడికే కదరా తిప్పతన్నాను!"

ఇంకా ఎడమకి పోయింది. రిమోట్ అందుకోబోతే చిన్నపిల్లాడిలా వెనక్కి దాచుకున్నాడు. తాతమ్మ నేరుగా వెళ్ళి వలలో దూరింది. వలతో పాటే ఒడ్డెక్కింది. కవళ్ళ చేపల మధ్య నీలంగా మెరుస్తూ, గేలపు దారమంతా వల కళ్ళకి చుట్టుకుని. తాడు లాగేవాళ్ళు పడీ పడీ నవ్వారు.

"ఓలమ్మా, ఈ సేప పేరేటి?"

"తాతమ్మ సేప! ముళ్ళుండవు, వైర్లుంటాయి!"

నాగబాబు ఒక్కడే నవ్వలేదు. ఓపిగ్గా కూర్చుని దారం విప్పాడు. పడవని రెండు చేతులా తెచ్చి మావ ముందు పెట్టాడు. అలవాటు కొద్దీ దోసెడు కవళ్ళు తీసి, సరిగ్గా ఆ ప్యానెల్ మీదే పోశాడు.

"బావా, నీ వంతు."

మావ రిమోట్ ఇసకలో పడేసి ఇంటికి నడిచాడు.

నేను రిమోట్‌ని, తాతమ్మని, చేపల్ని మోసుకుంటూ వెనకే వెళ్ళాను. ఆయన అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"తీసుకుపో దాన్ని. సరదా తీరిపోనాది. రేపటి నుంచి ఒడ్డుకి రాను."

ఒడ్డుకి రాకుండా ఈ మనిషి ఇంట్లో రోజంతా కూర్చుంటాడన్న మాట వినగానే అత్త మొహం మారిపోయింది. నాకూ ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళు సుక్కాని పట్టినావు, కుడీ ఎడమా తెలీదా మావా?" అనేశాను.

ఆ మాటకి లేచాడు. అత్త చేతిలో గరిటె లాక్కున్నాడు.

"సూడు. ఇది సుక్కాని పిడి. పిడి ఎడమకి తోస్తే పడవ ముక్కు ఎటు ఎల్తాది?"

"కుడికి."

"నాను ఎటు తోసినాను?"

"ఎడమకి."

"మరి తప్పెవుడిదిరా? నీ తెప్పే ఎదురుగా పుట్టినాది!"

నేను నెత్తి పట్టుకున్నాను. చుక్కాని పట్టినవాడి చెయ్యి ఎప్పుడూ వెళ్ళాల్సిన వైపుకి ఎదురు తోస్తుంది. రిమోట్ పుల్ల మాత్రం ఎటు తోస్తే పడవ అటే. రిమోట్ కింది అంచున గోరుతో జరిపే బుల్లి స్విచ్ ఒకటి ఉంటుంది, అది జరిపితే చుక్కాని తిరిగే వైపు తారుమారవుతుంది. జరిపాను. అంతే పని.

"ఇంతేనేటి? ఈ ముక్క ముందే సెయ్యలేకపోయావా?"

"ముందే సెప్పలేకపోయావా నువ్వు?"

అన్నం తినేదాకా దెబ్బలాడుకున్నాం.

మర్నాడు మావ చేతిలో తాతమ్మ వల పక్క నుంచి, దానికి తగలకుండా, గీత గీసినట్టు లోపలికి వెళ్ళింది. ఇంక కూర్చోవడమే. ఎండ ఎక్కువైందన్నాడు. మబ్బు పడితే మోటారు నీరసించిందన్నాడు. నేను తెచ్చిన ఎర రొయ్య ముసలిదన్నాడు. నేను లేచి వెళ్ళిపోదామనుకుంటుండగా తాతమ్మ వెనక భాగం చటుక్కున మునిగి లేచింది.

మావ ఎడమ చేత్తో దారం లాగాడు. కుడి చెయ్యి సాయం రాదు. అందుకని దారాన్ని నడుముకి పెట్టుకుని, తనే గుండ్రంగా తిరుగుతూ ఒంటికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. తిరుగుతూ తిరుగుతూ ఇసకలో తూలాడు. నేను దారం పట్టుకోబోయాను.

"ముట్టకు! సెయ్యేస్తే నీకు వంతు ఇవ్వాల!"

అలా దారపు ఉండలా చుట్టుకుపోయి, చివరికి తాతమ్మని, దాని వెనకే ఒక జెల్ల చేపని ఒడ్డుకి లాగాడు. మీసాలు ఆడిస్తూ జెల్ల ఇసక మీద ఎగిరిపడింది. మావ దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. ఏ వంకా పెట్టలేదు. నేను భయపడ్డాను కూడా.

"కొంచెం బక్కగా ఉన్నాది" అన్నాడు చివరికి.

ప్రాణం కుదుటపడింది. అత్తకి ఫోన్ చేసి మసాలా నూరమన్నాను. ఆయన ఒంటి మీద దారం విప్పడానికే నా సహనం అంతా అయిపోయింది. విప్పాక జెల్ల ముల్లు విరిచి, తోక పట్టుకుని మావ నడిచాడు. ఇంటి వైపు కాదు, పెద్దవల వైపు. నాగబాబు వల దులుపుకుంటున్నాడు. మావ జెల్లని అతని ముందు చాపాడు.

"ఇదిగో, నీ వంతు."

"నా వంతేటి బావా? నాను సెయ్యి ఎయ్యనేదు కదా."

"నిన్న నా తెప్పని ఒడ్డుకి లాగింది నీ వలే కదేటి. పట్టు."

నాగబాబు ఆయన మొహంలోకి ఓసారి చూసి, రెండు చేతులా తీసుకున్నాడు.

ఇంటి దగ్గర అత్త నూరిన మసాలాతో గుమ్మంలోనే ఉంది.

"సేపేదీ?"

"ఇచ్చేసినాను."

"ఇచ్చేసినావా! మరి ఈ మసాలా ఏటి సెయ్యాల, నీ నెత్తికి రాయనా?"

అంత తంటాలు పడి ఆ పూట ముగ్గురం వంకాయ కూర తిన్నాం.

తర్వాతి రోజు నాగబాబు దోసెడు కవళ్ళు తెచ్చి ముందు పోశాడు. మావ తువ్వాలు పరిచి అన్నీ ఏరి మూట కట్టుకున్నాడు. మధ్యాహ్నం అత్త పులుసు వడ్డించింది. మావ ముక్కలన్నీ తిన్నాడు, ముళ్ళు కంచం అంచున వరసగా పెట్టాడు, మళ్ళీ అడిగి పెట్టించుకుని తిన్నాడు. అత్త గరిటె పట్టుకుని ఆయన నోటి వంకే చూస్తోంది.

"ఉప్పు తక్కువైనాదే" అన్నాడు.