తెల్ల ఊరికి పసుపు గడపలు

రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఉండే పాయింట్స్‌మన్ పరదేశి భార్య వరహాలమ్మకు బోసి గడప కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. విజయనగరం విడిచి పదేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

1938 వేసవిలో మొగుడూ పెళ్లాలు ఆరంగ్ అవతల కొండమీది ఊరు చూడబోయారు. పన్నెండు ఇళ్లు, గోడల నుంచి గడపల దాకా అన్నీ తెల్లమట్టి పూసినవే. దాహమిచ్చిన ఒక ముసలమ్మ మీద అభిమానం పుట్టి, వరహాలమ్మ సంచిలోని పసుపు తీసి ఆమె గడపకు రాసేసింది.

ముసలమ్మ లబోదిబోమంది. పూర్వం రాక్షసుడు తరుముకొస్తే కొండదేవత ఆ ఊళ్లోనే ఏదో ఇంట దాక్కుందట. ఏ ఇల్లో వాడికి తెలియకూడదని అప్పటినుంచీ అన్నీ ఒక్కలాగే ఉంచుతారట. కడిగితే మరక పోలేదు. పైన మళ్లీ పూద్దామంటే తెల్లమట్టి దీపావళి ముందు తప్ప తవ్వకూడదు.

"ఏటి సేసినావే," అన్నాడు పరదేశి.

"ఒక్క గడపకే రాసాను గనక గల్తీ అయిపోనాది. అన్నిటికీ రాసేస్తే సరి."

ముసలమ్మ తలూపింది. వరహాలమ్మ కొంగు దోపింది. పదకొండు గడపలకే పసుపు అయిపోయింది. పన్నెండో గడప ముందు కూర్చుని, మెడలోని పసుపుతాడు కొస తడిపి, పిండి, ఆ నీళ్లే రాసింది.

వీధి చివర పరదేశి వెనక్కి తిరిగాడు. "మనం నీళ్లు తాగినిల్లు ఏదే?"

వరహాలమ్మ ఒక్కో గడపా చూసుకుంటూ వచ్చింది.

"తెలట్లేదు," అంది. "అయితే బాగానే రాసాను."