అక్కకు ఎడమవైపు

మా అక్క సీసాల ఫ్యాక్టరీలో పనిచేసేది. వెలిగే తెల్లటి పలక ముందు, బెల్టు మీద, ఎడమ నుంచి కుడికి ఖాళీ సీసాలు సాగిపోతుంటాయి. పగులున్నదాన్నో గాలిబుడగ ఉన్నదాన్నో మెడ పట్టుకుని పక్కన పెట్టడం ఆమె పని. రోజంతా అలా కళ్లప్పగించి చూసిన మనిషి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చునేది.

ఆడేది ఒకటే ఆట. ఎవరో ఒక్కడే కూర్చుని తయారుచేశాడట. నల్లటి తెర మధ్య చిన్న తెల్ల త్రికోణం. అదే అక్క. అన్ని వైపుల నుంచీ చతురస్రాలు, వలయాలు, మెరిసే గీతలు మీద పడతాయి. కాల్చాలి, తప్పుకోవాలి, అంతే. కథ లేదు, రాజ్యం లేదు, కాపాడాల్సిన వాళ్లెవరూ లేరు. వేగం మాత్రం పక్కన కూర్చున్నవాళ్లకు కళ్లు తిరిగేంత. ఏదైనా తాకితే త్రికోణం పొడిపొడిగా రాలిపోయి, ఊపిరి తీసుకునేలోపు మళ్లీ పుడుతుంది.

"పొద్దస్తమానం చూసిన చూపు చాలలేదా?" అనేవాడు బావ, కూరగాయలు తరుగుతూ.

"అక్కడ పగిలిందాన్ని కూడా జాగ్రత్తగా తీసిపెట్టాలి. ఇక్కడ పేల్చేయొచ్చు. పైగా ముక్కూ మొహం లేనివి, పాపం తగలదు."

"మా అమ్మ మొహం పెట్టించనా?"

"పెట్టించు, రికార్డు నాదే."

ఏముంది అందులో అని నేనొకసారి అడిగాను. "కంటికీ చేతికీ మధ్య నేనుండన్రా," అంది. "నేనే లేకపోతే మోకాళ్ల నొప్పి ఎవరికి?"

ఆ వానాకాలంలో అక్క ఓడిపోవడం మొదలైంది. "ఎవడో ఆటని మార్చాడ్రా. వేగం పెంచాడు," అంది. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. మార్చడానికి దారే లేదు.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీలోనూ గొడవపడింది, బెల్టు వేగం పెంచారని. సూపర్‌వైజర్ ఆమెను మీటరు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. "ముల్లు ఉన్నచోటే ఉందమ్మా. పగిలిన సీసాలు మాత్రం నిన్ను దాటి పోతున్నాయి."

"అక్కడా ఇక్కడా కూడబలుక్కుని నా మీద పడ్డార్రా," అని నవ్వింది అక్క.

వెనక కూర్చుని చూస్తుంటే నాకొకటి తట్టింది. చచ్చిన ప్రతిసారీ ఎడమ నుంచి వచ్చినదాని చేతిలోనే చస్తోంది. ఆ మాటే చెప్పాను.

"అయితే ఆ పక్క మోసం ఉందన్నమాట. తెరని తలకిందులు చేయండి. మోసం కుడికొస్తుంది, అప్పుడు చెప్తా దాని సంగతి."

"మమ్మల్ని కూడా వేలాడమంటావా గబ్బిలాల్లాగా?" అంటూనే బావ తెరను తిప్పి, గోడకు ఆనించి నిలబెట్టాడు.

మొదట చెయ్యి ఒకటంటే త్రికోణం మరొకటి చేసింది. ముగ్గురం పడీపడీ నవ్వాం. దీపాలు పెట్టే వేళకు అక్కకు చెయ్యి కుదిరింది. అప్పుడు ఎడమ అంచు నుంచి ఒక నీలం చతురస్రం బయల్దేరింది. తొందరేమీ లేదు దానికి. నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అక్క కన్ను ఆర్పకుండా కుడివైపు కాపు కాస్తోంది. అది వచ్చి తాకింది. మళ్లీ ఆడింది. మళ్లీ ఎడమే. మరోసారీ ఎడమే.

మళ్లీ కూరగాయల దగ్గర కూర్చున్న బావ కత్తి కింద పెట్టాడు.

"తప్పు ఆటది కాదన్నమాట," అంది అక్క.

స్కానింగ్ తర్వాత డాక్టర్, అక్క తలలో కుడిపక్క గడ్డ ఉందన్నాడు. ఎడమవైపు చూపును నడిపేది ఆ పక్కేనట. ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. మిగిలింది పెరిగితే చూపుతో ఆగదని, ఎడమవైపున్న ప్రపంచం ఆమె ధ్యాసలోంచే జారిపోవచ్చని బయట మాకు చెప్పాడు. అటునుంచి పిలిస్తే తల తిప్పినన్నాళ్లు ధైర్యంగా ఉండమన్నాడు.

ఉద్యోగం పోయింది, ఆట మిగిలింది. నేను ఎడమపక్క కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఏదైనా అటునుంచి వస్తే "ఎడమ" అనేవాణ్ణి. అక్క చటుక్కున తల తిప్పి పేల్చేది. "బతికించావురా," అనేది ప్రతిసారీ, మంచినీళ్లిచ్చినందుకు అన్నంత తేలిగ్గా. వంటింట్లో బావ చప్పుడు చేయకుండా ఆ మాట కోసం చెవులు రిక్కించేవాడు.

తర్వాత ఒక సాయంత్రం ఆ అంచు నుంచి ఎర్రటి వలయం వచ్చింది.

"ఎడమ, అక్కా."

తల కదల్లేదు.

"ఎడమ."

అక్క ఆడటం ఆపి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎన్నడూ వినని ఊరి పేరు అడిగినట్టు మెల్లగా అడిగింది.

"అంటే ఎటురా?"

వలయం తాకింది. త్రికోణం రాలిపోయి, మళ్లీ పుట్టి, తెర మధ్యలో కదలకుండా నిలబడింది.