కొండజువ్వికి గాజు

గండి దగ్గర పులివెందుల బస్సు కోసం ఎదురుచూస్తూ కుదురుగా నిలబడలేక, ఎప్పుడో పుస్తకంలో చదివిన కొండజువ్వి కనిపిస్తుందేమోనని గుట్ట ఎక్కాను. రావి, మేడి జాతికి చెందిన ఆ అడవి చెట్టు ఒక బండ చీలికలోంచి లేచి నిలబడి ఉంది. దాని కింద ఒక అవ్వ, ఆమె అల్లుడు వాదులాడుకుంటున్నారు.

"మేకలు ఆకలికి అరుస్తాండాయి అత్తా. కొమ్మలు కొట్టనీ," అంటూ అతను కొడవలి కట్టిన గడ ఎత్తాడు.

"కాయ పట్టిందేమో చూసి కొట్టప్పా. కడుపుతో ఉండేదాని మీద కత్తి ఎత్తుతారా?"

"కాయ యాడుంది? నీ కండ్లకు మేక ఏదో నక్క ఏదో తెలీదు!"

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చూడు పాపా. ఒక్క కాయున్నా ఈ తూరికి బతికిపోతాది. ఈ గుట్టమీద ఇదొక్కటే మిగిలింది."

కింద బస్సు హారన్ వినిపించింది. కాళ్లు అటు లాగుతున్నా కళ్లు మాత్రం కొమ్మల్లోనే వెతికాయి. చివరికి ఒక ఆకు మొదట్లో మిరియపు గింజంత పచ్చటి కాయ కనిపించింది. వేలితో చూపించాను.

అతను తొంగిచూసి గడ దించాడు. "శానా పెద్ద కాయే!" అని గొణిగి, మేకలను అవతలి గుట్టకు తోలుకుపోయాడు.

పరుగెత్తబోతే అవ్వ వదల్లేదు. "మొదట చూసినోళ్లే గాజు తొడగాల. మీ ఊర్లో కడుపుతో ఉండేవాళ్లకు తొడగరా?"

ప్రొద్దుటూరులో కొనుక్కున్న గాజు ఒకటి తీసి కిందికి వంగిన ఆ రెమ్మకు తొడిగాను.

దిగేసరికి బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా గుట్ట వైపే చూస్తూ ఉన్నాను, గాలి వీచినప్పుడల్లా గాజు జారిపోతుందేమోనని.