అవ్వకు నేనిచ్చిన బాప్తిస్మం

తూంకుంట దాటాక రోడ్డు పక్కన ఎవరో ఎండుటాకులు పోగేసి నిప్పంటించి, అందులో పండీ పండని సీతాఫలాలు కాలుస్తున్నారు. కారు అద్దం దించగానే మాడిన తొక్క వాసన, దాని వెనకే తియ్యటి ఆవిరి వచ్చి తగిలాయి. నిజానికి నోరూరాలి. ఎనభై దాటినా ఆ వాసనకు నాకు మొదట గుర్తొచ్చేది నరకం.

మేడ్చల్ దగ్గర మా ఊళ్ళో, పంతొమ్మిది వందల నలభైలలో, వానలు వెనకబట్టి దసరా దగ్గరపడే రోజుల్లో, అవ్వ పెరట్లో అట్లాగే మంట వేసి సీతాఫలాలు, మక్క కంకులు, కందగడ్డలు అన్నీ అందులోకే తోసి, నిప్పు కణికలను వట్టి చేత్తో అటూ ఇటూ జరిపేది. అవ్వ అంటే మా నాయిన తల్లి. ఇంట్లో అందరం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళమే, ఆమె తప్ప. ఆదివారం మా తలలు దువ్వి ప్రార్థనకు పంపించి, తను పోచమ్మకు దీపం పెట్టుకునేది. గింజలకు కటకటలాడే ఆ రోజుల్లో గడప దగ్గరికి ఎవరొచ్చినా, ముందురోజు తనతో జగడమాడినామె వచ్చినా, తిట్టుకుంటూనే ఇంత జొన్న గటక పెట్టేది.

మా ఉపదేశి, అంటే ఊళ్ళో ప్రార్థనలు చేయించి పిల్లలకు వాక్యం చెప్పే ఆయన, బాప్తిస్మం లేనివాళ్ళు ఆరని అగ్నిలో పడతారని చెప్పాడు. నెమ్మదస్తుడు, నరకం గురించి కూడా పక్క ఊరికి దారి చెప్పినట్టే చెప్పేవాడు. ఆ రోజు నుంచి నేను మంటలోకి చూడటం మానేశాను. అవ్వకు నిప్పు కొత్తా, అక్కడా పొయ్యి సర్దుకుంటుందిలే అని ధైర్యం చెప్పుకుందామంటే, 'ఆరని' అన్న మాట అడ్డమొచ్చేది.

ఆ ఏడే అవ్వకు చలిజ్వరం పట్టుకుంది. పెద్దవాళ్ళు గొంతులు తగ్గించి మాట్లాడుకోసాగారు. ఇక ఆలస్యం చేస్తే అవ్వ అగ్గిలో పడుతుందని, మధ్యాహ్నం అందరూ పొలంలో ఉన్నప్పుడు, కుండలోని నీళ్ళు చెంబుతో తెచ్చి నిద్రపోతున్న ఆమె నెత్తిమీద చిలకరించాను. తండ్రి, కుమారుల దాకా బాగానే జరిగింది. పరిశుద్ధాత్మ వంతు వచ్చేలోపే అవ్వ లేచి కూర్చుంది.

"ఏందే పోరీ గిది! సలితోని సస్తుంటె సల్లటి నీళ్ళు పోస్తవా?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అవ్వ నవ్వింది. ఆ తర్వాత కొంగుతో నెత్తి తుడుచుకుంది.

"నన్నైతె దాటిస్తవు బిడ్డా. మరి మీ తాతకు ఎవలు పోస్తరే?"

తాత మా ఇంట్లోకి బైబిలు రాకముందే పోయాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. అంతవరకూ ఒక్కరి కోసం భయపడుతున్నదాన్ని, అప్పటి నుంచి ఇద్దరి కోసం భయపడ్డాను.

సాయంత్రం ఉపదేశి అవ్వ కోసం ప్రార్థన చేయడానికొచ్చాడు. తన మొగుడు ఇప్పుడెక్కడున్నాడని అవ్వ ఆయన్నే అడిగింది. ఆయన పుస్తకం తెరిచాడు, మూశాడు.

"మా అమ్మ గూడ గట్లనే పోయిందవ్వా," అన్నాడు. "నేను గూడ రోజు గదే అడుగుతున్న."

"ఆకలైనోళ్ళకు పెట్టేదా మీ అమ్మ?"

"తను తినకుంట పెట్టేది."

"మరి ఇగ ఏంది పరేషాన్? ఇంత తిట్లమారి ముండను, నేనే ఎవల్ని గడప కాడికెళ్ళి ఎల్లగొట్ట. నీ దేవుడు నాకంటె పిసినారోడా? కూసో, గటక తిని పో."

ఉపదేశి కళ్ళు తుడుచుకుని, కూర్చుని తిన్నాడు. మరుసటి ఆదివారం ఆయన మంటల జోలికి పోలేదు. వేలమందికి రొట్టెలు పంచిన కథ చెప్పాడు. అవ్వ కోలుకుని, మూడింట రెండు వంతులు క్రైస్తవురాలిగా ఇంకా చాలా ఏళ్ళు బతికింది.

ఆ పెంకుల ప్రార్థన ఇల్లు ఇప్పుడు లేదు. మా జొన్న చేలల్లో విల్లాలు లేచాయి. గేటు దగ్గర వచ్చినవాళ్ళ పేరు, పని అడిగి రాసుకునే మనిషి ఉన్నాడు. తిట్టుకుంటూ పెట్టేవాళ్ళే కనబడరు. నేను కాలేజీలో తత్త్వశాస్త్రం చదివాను. ఇలాంటి విషయాల్లో అది ప్రశ్నను మర్యాదగా అడగడం వరకు నేర్పుతుంది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. అందుకే ప్రార్థనలో అవ్వ పేరూ తాత పేరూ చెప్పి, ఉపదేశి తల్లి పేరు తెలియదు కనుక, "ఆయన వాళ్ళమ్మను కూడా" అంటాను.