మాత్రల డబ్బాకు నా కాపలా

అక్క ఆవకాయ జాడీని నేను ఆమె పెరట్లోనే గుంట తీసి పాతిపెట్టిన రోజున ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దొడ్డి తడిక పట్టుకుని నిలబడి, నేనున్న వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తూ, "అయిందా?" అని మాత్రం అడిగింది. అప్పటికే ఆమె కుడి కన్ను తెల్లగా పూసిపోయింది. ఎడమ కంటితో మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే. నేను చేతులు కడుక్కుని, ఇక నీ బీపీ ఎట్లా దిగదో చూస్తానని కేకేసి మార్కాపురం బస్సెక్కాను.

నాకు కోపం ఎక్కువ. మార్కాపురం, తర్లుపాడు చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నేను వరండాలో నడుస్తుంటే మూడు గదుల అవతల పిల్లలు కూడా నోళ్ళు మూసుకునేవాళ్ళు. దాన్ని నేను క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను. అక్క మాత్రం నవ్వేది. అర్ధవీడు దగ్గర ఆమె ఊరికి పోయి దొడ్డి ముందర నేను నోరు తెరిచానా, గొర్రెలన్నీ ఒక మూలకు తోసుకునేవి. మెల్లగా మాట్లాడవే, ఇవి నీ బడిపిల్లోళ్ళు కాదు, అనేది. బావ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ముప్పై రెండు జీవాలను ఆమె ఒక్కతే మేపుకునేది. ఏ పిల్లకు ఏ తల్లో, ఏ తల్లి ఎన్నో ఈతలో ఉందో ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

వైశాఖంలో ఆమెను మార్కాపురంలో ఒక కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. శుక్లం బాగా ముదిరిందన్నారు. తీసేస్తే చూపు వస్తుందన్నారు. అంతా బాగానే ఉంది అనుకునేసరికి, బీపీ చూసిన నర్సు మొహం చిట్లించింది. పైది రెండు వందలు. నాడి నూట పద్దెనిమిది. ఈ బీపీతో కంటికి కత్తి పెట్టలేం, తగ్గించుకుని రండి అని వెనక్కు పంపించారు. ఇంకో డాక్టరు దగ్గరకు పోయి మాత్రలు రాయించుకున్నాం. బీపీకి రెండు, గుండె దడకు ఒకటి చిన్నది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అక్క నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "కార్తీకానికి ఈతలు మొదలయితాయి. ఆ లోపల నాకు కండ్లు రావాలమ్మే. పుట్టిన పిల్లను తల్లి కాడికి చేర్చకుంటే పాలు లేక చచ్చిపోతాయి." ఆమె కోరింది అదొక్కటే. దొడ్డి నిలబడాలంటే కార్తీకం లోపల ఆపరేషను కావాలి. చేయించి తీరతానని మాటిచ్చాను. నేను మాటిస్తే ఎట్లా ఉంటుందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

నెల తర్వాత ఆ మాత్రల డాక్టరుకే మళ్ళీ చూపించుకోవాలి. రెండు రోజుల ముందే ఆమెను మా ఇంటికి పిలిపించుకున్నాను. వచ్చీ రాగానే మాత్రల డబ్బా లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎందుకే అంటే, "పరీక్షకు పోతా ఉండాం. మాత్ర మింగిపోతే నీ అసలు బీపీ డాక్టరుకు ఎట్ల తెలుస్తాది? చీటీ పెట్టుకుని పరీక్ష రాసినట్ల కాదా?" అన్నాను. నా బడిలో ఎవడి జేబులోనైనా చీటీ దొరికితే వాడి పని అయిపోయినట్లే. అక్క తల ఊపింది. చదువుకున్నది నేను కదా.

ఆ రోజు బీపీ నూట తొంభై అయిదు. నాడి నూట ఇరవై దాటింది. డాక్టరు కళ్ళజోడు తీసి, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అక్కను అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. ఒక్క పూట కూడా తప్పలేదని చెప్పాను. అది అబద్ధమని నాకు తోచలేదు. పరీక్షకు ముందు రెండు రోజులు నా లెక్కలో లేవు. డాక్టరు ఇంకో మాత్ర కలిపాడు.

అప్పటినుంచి నేను ఇంటి మీద, మనుషుల మీద పడ్డాను. ఉప్పు తింటోందని అనుమానం. ఆవకాయ సంగతి చెప్పాను కదా. ఎండుచేపలు పారేశాను. పక్కింటామె పప్పు పంపిస్తే ఇందులో ఉప్పెంత వేశావని ఆమె గడపలో నిలబడి అడిగాను. ఆమె ఆ తర్వాత అక్క ఇంటికి రావడం మానేసింది. నాలుగు వేలు పోసి ఒక బీపీ మిషన్ కూడా కొన్నాను. దాన్ని మా ఇంట్లోనే ఉంచుకున్నాను, అక్క వస్తే చూడడానికి. ఆమె వచ్చేది పరీక్షకు ముందు, మాత్రలు ఆపాకే. మిషన్ ప్రతిసారీ నూట తొంభై పైనే చూపించేది. చూశావా, దొంగచాటుగా తింటున్నావు అని అరిచేదాన్ని. ఆమె గుండె దడదడా కొట్టుకోవడం రవిక మీదనుంచే కనిపించేది.

అక్క ఊళ్ళో బీపీలు చూసే ఆరోగ్య కార్యకర్త ఒకమ్మాయి ఉంది. ఆమె నాకు ఫోన్ చేసి, మేడమ్, మీ అక్కకు ఇక్కడ నూట ముప్పై ఉంది, నాడి కూడా బాగుంది అని సంతోషంగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. అంత పెద్ద డాక్టరుకు రెండు వందలు కనిపిస్తుంటే నీకు నూట ముప్పై కనిపించిందా, నీ మిషన్ పాడైంది, ముందు దాన్ని బాగు చేయించుకో అని ఫోన్ పెట్టేశాను.

మూడోసారి కూడా అదే. అదే బీరువా, అదే తాళం, ఈసారి రెండు వందల పది. డాక్టరు మోతాదు పెంచాడు. అక్క ఊరికి పోయి పెంచిన మాత్రలు వేసుకున్న నాలుగో రోజు పొద్దున, దొడ్డి ఊడ్చి నడుమెత్తగానే కళ్ళు తిరిగి పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఆరోగ్య కార్యకర్త మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి భయపడుతూనే మాట్లాడింది పాపం. బీపీ బాగా తక్కువగా ఉందనీ, మాత్రలు ఎక్కువైనట్లున్నాయనీ, ఒకసారి డాక్టరుకు చెప్పమనీ అంది. నేను వినలేదు. తిండి సరిగా తినక పడిందన్నాను. నీకు తెలియని విషయాల్లో వేలు పెట్టొద్దని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

డాక్టరు ఒకసారి, ఆమెకు మనసులో దిగులేమైనా ఉందా అని అడిగాడు. నాకు అది చాలు. దిగులంటే జీవాలే. ఎండలో వాటి వెంట తిరగడం, నక్క వస్తుందేమోనని ఉలిక్కిపడడం, ఈతల గురించి బెంగ. ఇవి ఉన్నంత కాలం నాడి దిగదు, నాడి దిగకపోతే కన్ను రాదు. భాద్రపదంలో గొర్రెలు కొనే బేరగాణ్ణి నేనే వెంటబెట్టుకుని పోయాను.

అక్క మొదట వద్దంది. "ఈ నెల కాకపోతే వచ్చే నెల దిగుతాదేమో. రోంత ఆగమ్మే," అంది. నాలుగు నెలల్లో దిగనిది అయిదో నెలలో దిగుతుందా అని నేను గట్టిగా కసిరాను. కన్ను కావాలా, గొర్రెలు కావాలా తేల్చుకో అన్నాను. గొర్రెల కోసమే ఆమెకు కన్ను కావాలని నాకు తెలుసు. అయినా అన్నాను. ఆమె తడిక తీసి, పక్కన నిలబడింది. ఒక్కొక్కటి బయటికి పోతుంటే చెవి తడిమి, వీపు తడిమి వదిలింది. కడుపుతో ఉన్నవాటిని పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, దీన్ని బండిలో నిలబెట్టొద్దు, పడుకోబెట్టు నాయనా అని బేరగాడికి చెప్పింది. నేను తొందర పెట్టాను. బస్సు తప్పిపోతుందని.

నాలుగోసారి ఆసుపత్రికి పోయాం. మాత్రలు మామూలుగానే బీరువాలో ఉన్నాయి. ఆ రోజు టోకెన్ల దగ్గర ఎవరో మాకంటే ముందు జొరబడ్డారు. నేను ఊరుకుంటానా? అక్కను బల్ల మీద కూర్చోబెట్టి కౌంటరు దగ్గరకు పోయి పెద్ద గొడవ పెట్టుకున్నాను. తిరిగి వచ్చేసరికి నర్సు అక్క చేతికి బీపీ పట్టీ చుడుతోంది. ఆసుపత్రిలో నేను మధ్యలో అందుకోకుండా ఎవరైనా అక్కను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. పొద్దున మాత్రలు వేసుకున్నావా అవ్వా అని ఆ పిల్ల అడిగింది.

అక్క తాపీగా జవాబు చెప్పింది. "ఆసుపత్రికి వచ్చే ముందర రెండు దినాలు మా చెల్లెలు మాత్రలు బీరువాలో పెట్టి తాళమేస్తాది. వేసుకుంటే మీకు అసలు బీపీ తెలీదంట. బడి పంతులమ్మ కదా, ఆమెకు తెలుస్తాదిలే అని నేనూ ఊరకున్నా."

నర్సు నావైపు చూసింది. పోయిన నెల ఈ పిల్లనే పట్టీ సరిగా చుట్టడం రాదని నేను అందరి ముందూ కడిగేశాను. ఆమె గొంతు పెంచలేదు. "ప్రతిసారీ ఇట్లనే చేసినారా మేడమ్? ఎవరు చెప్పినారు మీకు?" అంది. ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టి నేను అడిగిన ప్రశ్న అదే.

డాక్టరు నెత్తి కొట్టుకున్నంత పని చేశాడు. మాత్రలు వేసుకున్నాక బీపీ ఎంత ఉందన్నదే తమకు కావాలన్నాడు. గుండె దడకు ఇచ్చిన మాత్రనైతే ఉన్నట్టుండి ఆపనే కూడదట, ఆపితే నాడి ముందుకంటే ఎక్కువగా ఎగిరిపడుతుందట. అది చూసి తాను మోతాదు పెంచడం, పెంచింది ఆమె ఊళ్ళో మింగి పడిపోవడం. పడిన సంగతి అక్క నోట విని, తనకెందుకు చెప్పలేదన్నాడు. పాత మోతాదే మళ్ళీ రాసి, ఆసుపత్రికి వచ్చే రోజు కూడా పొద్దున్నే వేసుకుని రమ్మన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా నాకు కోపంగానే వచ్చింది. అన్నిసార్లు వచ్చాం కదా, ఈ ముక్క మొదటే చెప్పొచ్చు కదా అని ఆయన మీదే ఎగిరాను. అక్క నా కొంగు పట్టుకుని లాగింది. "చాలుపోయె, పద," అంది.

రెండు వారాల తర్వాత బీపీ నూట ముప్పై ఆరు, నాడి డెబ్బై ఎనిమిది. మరుసటి రోజే కంటి ఆసుపత్రిలో కుడి కంటికి ఆపరేషను చేశారు. ఆశ్వయుజం ఇంకా దాటలేదు. కార్తీకానికి ముందే కన్ను వచ్చింది. జీవాలు పోయి నెల కూడా నిండలేదు.

కట్టు విప్పాక అక్క గోడ మీది క్యాలెండరు చూసింది, తన అరచేతులు చూసుకుంది, తర్వాత నన్ను చాలాసేపు చూసింది. "తలంతా నెరిసిపోయినాదే నీకు," అంది. చుక్కల మందు వేయడానికి నెల రోజులు మా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఆ నెలలో ఆమె జీవాల మాట ఎత్తలేదు. నేనూ తప్పయిందని అనలేదు. అనాలని చుక్కలు వేసిన ప్రతిసారీ అనుకున్నాను. పైకి మాత్రం కన్ను మూయి, కదలకు అనే అన్నాను. నెల నిండిన రోజు పొద్దున్నే ఆమె సంచి సర్దుకుని, నన్ను బస్టాండు దాకా కూడా రానివ్వకుండా పోయింది.

ఫోన్ చేస్తే ఆఁ, ఊఁ అని పెట్టేసేది. ఉండబట్టలేక కార్తీకం చివర్లో బీపీ మిషన్ సంచిలో వేసుకుని అర్ధవీడు బస్సెక్కాను. దొడ్డికి కొత్త కంప కొట్టి ఉంది. లోపల ఆరు గొర్రెలు. మా బేరగాడు పట్టుకుపోయినవి కావు, ఎవరి మందలోంచి కొన్నవో. ఒకటి ఈని ఉంది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని పిల్లను తల్లి పొదుగుకు అందిస్తోంది. సంతోషం పట్టలేక "అక్కా" అని పిలిచాను. ఆరూ ఒక్కసారిగా ఎగిరి అవతలి మూలకు పోయాయి. పిల్ల కింద పడి అరిచింది.

అక్క పిల్లను ఎత్తుకుని లేచి కంప దగ్గరకు వచ్చింది. తడిక తీయలేదు. "నువ్వు లోపలికి రావద్దు. కొత్త జీవాలు, బెదురుతాయి," అంది.

బీపీ చూద్దామని మిషన్ తెచ్చానన్నాను.

"ఆ ఆరోగ్యం పిల్ల పొద్దున చూసిపోయింది. మాత్రలు నా తిత్తిలోనే ఉండాయి. నువ్వు దాచే పని లేదు." నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తిని ఒకసారి తడుముకుని, పిల్లతో వెనక్కు తిరిగింది.

నేను కంపకు ఇవతలే నిలబడ్డాను. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. నా గొంతుకు అవి మళ్ళీ బెదురుతాయని, చెప్పకుండానే బస్సుకు పోయాను.